ఎఫ్1 నొక్కినా కదలని పాత కంప్యూటరు: మూడు రోజుల నా అనుభవం

మచిలీపట్నంలో ఇరవై ఏళ్లకు పైగా డీటీపీ పని చేస్తున్నాను. 2003లో విజయవాడ గవర్నరుపేటలో విడిభాగాలు కొని కూర్పించుకున్న పెంటియం 4 కంప్యూటరు ఇప్పటికీ నా దగ్గర ఉంది. రోజువారీ పని కొత్త కంప్యూటరుకు మారి చాలా కాలమైనా దాన్ని వదిలించుకోలేకపోవడానికి కారణం, ఆ రోజుల్లో నేను కూర్చిన పుస్తకాలన్నీ పేజీలు కూర్చే పాత ప్రోగ్రాము పేజ్‌మేకర్‌లో, అను అనే తెలుగు ఫాంట్లతో, విండోస్ ఎక్స్‌పీ కింద ఉండడమే. ఆ ఫాంట్లు ప్రతి భాషలోని అక్షరాలకూ సొంత స్థానాలు ఇచ్చే యూనికోడ్ పద్ధతికి చెందినవి కావు. తెలుగు అక్షరాల తలకట్లు, గుడులు, వత్తులు విడివిడి ముక్కలుగా ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చి ఉంటాయి కనుక, ఫాంటు లేనిచోట ఆ ఫైలు తెరిస్తే అర్థం లేని ఇంగ్లీషు అక్షరాల వరుస తప్ప మరేమీ కనిపించదు. యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు ఉన్నాయి గాని, వాటితో మార్చిన పాఠాన్ని మళ్లీ మొదటి నుంచి దిద్దుకోవాలి, పేజీల అమరిక కూడా మిగలదు.

మొన్నటి ఆగస్టులో ఒక కవిగారు వచ్చి, 2006లో నా దగ్గరే అచ్చు పని చేయించుకున్న పద్యకావ్యాన్ని తిరిగి వేయాలని కోరారు. పద్యాల పుస్తకంలో ఒక్క వత్తు జారిపోయినా ముందరి అక్షరం గురువు కావలసింది లఘువై గణం తప్పుతుంది. అందుచేత ఆ పాఠాన్ని మార్పిడి సాధనాలకు అప్పగించే ధైర్యం లేక, పాత కంప్యూటరులోనే ఫైలు తెరిచి, పాత ఫాంటుతోనే పీడీఎఫ్ తీసి ఇస్తానని మాట ఇచ్చాను. ఎనిమిది నెలలుగా ప్లగ్గు కూడా తీసేసి వెనక గదిలో గుడ్డ కప్పి ఉంచిన యంత్రాన్ని ఆ సాయంత్రమే బయటికి తెచ్చి దుమ్ము దులిపి స్విచ్చి వేశాను.

ఒక చిన్న బీప్ వినిపించింది. మామూలుగా అది అంతా బాగుందనడానికి గుర్తు. తరువాత నల్లని తెరపై మెమరీ లెక్క పూర్తయి, దాని కింద రెండు ఫిర్యాదులు కనిపించాయి. మొదటిది సీమాస్ (కంప్యూటరు అమరికలను దాచుకునే చిన్న మెమరీ) చెక్‌సమ్, అంటే దాని సరిచూపు లెక్క, తప్పిందని, అందువల్ల డీఫాల్ట్ అమరికలు వేసుకున్నానని బయోస్ (విండోస్ కన్నా ముందు లేచి యంత్రాన్ని పరీక్షించే ప్రోగ్రాము) చెప్పే మాట. రెండోది కీబోర్డులో లోపం ఉందని, లేదా కీబోర్డే లేదని చెప్పే వాక్యం. తెర అడుగున ముందుకు సాగడానికి ఎఫ్1, సెటప్‌లోకి వెళ్లడానికి డిలీట్ నొక్కమన్న సూచన ఉంది. నేను ఎఫ్1 నొక్కాను. ఏమీ కాలేదు. డిలీట్ నొక్కాను. అదీ కాలేదు. కీబోర్డు లేదంటూనే కీబోర్డు మీద మీట నొక్కమనడం చూస్తే ఎవరికైనా విడ్డూరంగా తోస్తుంది గాని, ఆ వాక్యంలో ఒక అర్థముంది. బయోస్ ఆ క్షణంలో కీబోర్డు కోసం వెతికి సరైన జవాబు అందుకోలేదు, నువ్వు దాన్ని సరిచేసి మీట నొక్కితే వింటాను అంటోంది.

ముందుగా వెనక పక్క ప్లగ్గు చూశాను. పాత కంప్యూటర్లలో గుండ్రని పీఎస్/2 రంధ్రాలు రెండుంటాయి. ఊదారంగుది కీబోర్డుకు, ఆకుపచ్చది మౌసుకు. రెండింటి ఆకారం ఒకటే కాబట్టి ఒకదానిది ఒకదానికి పెట్టినా లోపలికి దిగుతుంది, అప్పుడు కూడా ఇదే ఫిర్యాదు వస్తుంది. నా ప్లగ్గులు సరైన చోటే ఉన్నాయి. అక్కడ నేను చేయకూడని పని ఒకటి చేశాను. కరెంటు ఉండగానే కీబోర్డు ప్లగ్గు లాగి మళ్లీ పెట్టాను. యూఎస్‌బీని అలా తీసి పెట్టడానికి వీలుగా రూపొందించారు గాని పీఎస్/2ను అలా రూపొందించలేదు. ఆ రంధ్రంలో 5 వోల్టుల కరెంటు ఒక చిన్న ఫ్యూజు గుండా వస్తుంది, ప్లగ్గు వంకరగా తగిలితే ఆ ఫ్యూజు పోవచ్చు, అది మదర్‌బోర్డు మీద అతికి ఉంటుంది కాబట్టి మార్చడం అందరి వల్లా అయ్యే పని కాదు. నాకు ఈ సంగతి తెలుసు. తెలిసి కూడా తొందరలో చేసినందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను.

తరువాత కొత్త కంప్యూటరు యూఎస్‌బీ కీబోర్డును తెచ్చి దీనికి తగిలించాను. దానికీ స్పందన లేదు. ఇంట్లో ఒక మూల ఊదారంగు మార్పిడి ప్లగ్గు దొరికితే, ఆ యూఎస్‌బీ కీబోర్డునే దాని ద్వారా పీఎస్/2 రంధ్రానికి కలిపి చూశాను. అదీ పనిచేయలేదు. రెండు కీబోర్డులు, మూడు పద్ధతులు, అన్నింటిదీ ఒకే ఫలితం కనుక మదర్‌బోర్డులో కీబోర్డుకు సంబంధించిన భాగమే పోయిందని నిశ్చయించుకున్నాను. ఆ నిశ్చయం తప్పని మర్నాడు సాయంత్రానికి గాని తెలియలేదు. మూడు వైఫల్యాలకు మూడు వేర్వేరు కారణాలు ఉండవచ్చునన్న ఆలోచన నాకు ఆ రాత్రి రాలేదు.

కంప్యూటర్లు బాగుచేసే మా మేనల్లుడికి ఫోను చేశాను. "మావయ్యా, ముందు హార్డ్‌డిస్కు విప్పి నీ పుస్తకాలన్నీ కొత్తదాంట్లోకి కాపీ చేసుకో, మిగతా సంగతి తీరిగ్గా చూడొచ్చు" అన్నాడు. అది సరైన సలహా. మర్నాడు పొద్దున వాడే ఐడీఈ అనే పాత రకం డిస్కును యూఎస్‌బీకి కలిపే తీగ ఇచ్చి పంపాడు, మధ్యాహ్నానికల్లా పద్దెనిమిది ఏళ్ల పని రెండో చోట భద్రమైంది. కాపీ సాగుతున్నంతసేపు నా మనసు మాత్రం మొదటి రోజు చూసిన ఒక దృశ్యం చుట్టే తిరిగింది.

కంప్యూటరు స్విచ్చి వేసిన క్షణంలో నా పాత కీబోర్డు మీది మూడు దీపాలు, అంటే నమ్ లాక్, క్యాప్స్ లాక్, స్క్రోల్ లాక్ దీపాలు, ఒక్కసారి వెలిగి ఆరిపోయాయి. డిస్కు తిరిగి బిగించి మళ్లీ స్విచ్చి వేస్తే మళ్లీ అలాగే వెలిగి ఆరాయి. ఆ వెలుగు నాకు రెండు సంగతులు చెప్పింది. ఒకటి, రంధ్రంలో కరెంటు ఉంది, నా తొందరపాటుకు ఫ్యూజు బలి కాలేదు. రెండు, కీబోర్డు లోపలి చిన్న చిప్పు బతికే ఉంది. కరెంటు అందగానే ఆ చిప్పు తనను తాను పరీక్షించుకుని, అంతా బాగుంటే హెక్సాడెసిమల్ (పదహారు అంకెల) లెక్కలో ఏఏ అనే ఒక బైటు పంపుతుంది. 1984 నాటి ఐబీఎం ఏటీ కంప్యూటరు నుంచి వస్తున్న పద్ధతి ఇది, 1987లో వచ్చిన పీఎస్/2 ప్లగ్గు ఆకారాన్ని మార్చిందే గాని ఈ సంభాషణను మార్చలేదు. కాబట్టి కీబోర్డు చచ్చిపోలేదు. మాట్లాడుతోంది గాని, బయోస్ ఆశించని మాట ఏదో మాట్లాడుతోంది.

మా వీధి చివర రిజిస్ట్రారు కార్యాలయం పక్కన దస్తావేజులు రాసే ఒక లేఖరిగారి దగ్గర పాత పీఎస్/2 కీబోర్డు ఇంకా వాడకంలో ఉంది. సాయంత్రం ఆయన పని ముగిశాక అడిగి తెచ్చాను. ఈసారి కంప్యూటరు పూర్తిగా ఆపి, ప్లగ్గు మార్చి, తరువాతే స్విచ్చి వేశాను. కీబోర్డు ఫిర్యాదు రాలేదు. సీమాస్ ఫిర్యాదు మాత్రం అలాగే ఉంది. డిలీట్ నొక్కగానే నీలిరంగు సెటప్ తెర తెరుచుకుంది. మదర్‌బోర్డు బాగానే ఉందన్న ఆ రుజువు చూశాక నాకు కలిగిన ఊరట ఇంతా అంతా కాదు.

సెటప్‌లో తేదీ పుట్టిల్లు చేరినట్టు 2002 జనవరి 1కి వెళ్లిపోయి ఉంది. మదర్‌బోర్డు మీది నాణెం లాంటి సీఆర్2032 బ్యాటరీని తీసి మల్టీమీటరుతో చూస్తే 3 వోల్టులు ఉండవలసిన చోట రెండు కూడా లేవు. ప్లగ్గు తగిలించి ఉన్నంతకాలం ఆ చిన్న బ్యాటరీ మీద భారం పడకుండా కంప్యూటరుకు కరెంటు అందించే పెట్టె (ఎస్ఎంపీఎస్) నుంచి, స్విచ్చి ఆపి ఉన్నా వచ్చే స్టాండ్‌బై కరెంటు గడియారాన్ని నడుపుతుంది, ప్లగ్గు తీసేసిన ఎనిమిది నెలల్లో భారమంతా దాని మీదే పడి ఉన్న కాస్త సత్తువా అయిపోయింది. దాంతో నేను ఏనాడో చేసిపెట్టుకున్న అమరికలన్నీ చెరిగిపోయాయి. వాటిలో ఒకటి యూఎస్‌బీ కీబోర్డు సపోర్టు. నా బోర్డులో దాని డీఫాల్ట్ స్థితి డిసేబుల్డ్. అది మూసి ఉంటే, విండోస్ లేచి తన సొంత డ్రైవరును ఎక్కించుకునేదాకా యూఎస్‌బీ కీబోర్డు మాట వినేవారు ఎవరూ ఉండరు. విండోస్ లేవాలంటే ఎఫ్1 నొక్కాలి, ఎఫ్1 వినబడాలంటే విండోస్ లేవాలి. మొదటి రోజు యూఎస్‌బీ కీబోర్డు ఎందుకు పనిచేయలేదో అప్పుడు తెలిసింది. ఊదారంగు మార్పిడి ప్లగ్గు సంగతి వేరు. అందులో తీగల కలయిక తప్ప ఏ చిప్పూ ఉండదు, యూఎస్‌బీ, పీఎస్/2 భాషలు రెండూ తెలిసిన కీబోర్డుకే అది ఉపయోగపడుతుంది. నా కొత్త కీబోర్డుకు ఒక్క భాషే వచ్చు.

కొత్త బ్యాటరీ వేసి, తేదీ సరిదిద్ది, యూఎస్‌బీ సపోర్టు తెరిచాను. ఇక మిగిలింది నా పాత కీబోర్డు. లేఖరిగారి కీబోర్డుతోనే పని ముగించుకోవచ్చు కదా అని మా ఆవిడ అంది. నిజమే గాని, దాన్ని మర్నాడు పొద్దునకల్లా తిరిగి ఇవ్వాలి, పైగా నా చేతివేళ్లకు ఇరవై ఏళ్లుగా అలవాటైనవి నా పాత కీబోర్డు మీటలే. సెటప్‌లో హాల్ట్ ఆన్ అనే అమరికను ఆల్, బట్ కీబోర్డ్ అని మార్చాను. అంటే కీబోర్డు లోపం తప్ప మిగతా ఏ లోపం కనిపించినా ఆగు అని అర్థం. అలా చేస్తే నా కీబోర్డుతోనే విండోస్ దాకా వెళ్లి, అక్కడ అది ఏం మాట్లాడుతోందో చూడవచ్చు.

ఎక్స్‌పీ లేచింది. పేర్లు చూపించే తెర మీద మౌసుతో నా పేరు నొక్కాను. డెస్క్‌టాప్ వచ్చింది గాని, అడుగున కుడి మూల ఎప్పుడూ దానంతట అదే వచ్చి కూర్చునే అను స్క్రిప్ట్ మేనేజరు (అను ఫాంట్లతో తెలుగు టైపు చేయించే ప్రోగ్రాము) గుర్తు రాలేదు. అది ఎందుకు రాలేదో ఆలోచించే లోపే కీచుమని ఒక శబ్దం వచ్చి, ఫిల్టర్ కీస్ (పొరపాటున పడే నొక్కుళ్లను పట్టించుకోని ఏర్పాటు) వాడతారా అని అడిగే చిన్న పెట్టె తెర మీదికి వచ్చింది. కుడి షిఫ్టును ఎనిమిది సెకన్లు విడవకుండా నొక్కి పట్టుకుంటే తప్ప ఎక్స్‌పీ ఆ ప్రశ్న అడగదు. నా చేతులు కీబోర్డు మీద లేవు.

అప్పుడు ఒక్కొక్కటే అర్థమవుతూ వచ్చింది. ఎక్స్‌పీలోకి ప్రవేశించేటప్పుడు షిఫ్టు నొక్కి ఉంటే స్టార్టప్‌లో ఉన్న ప్రోగ్రాములు లేవవు, అందుకే అను మేనేజరు రాలేదు. నోట్‌ప్యాడ్ తెరిచి నాలుగు అక్షరాలు కొడితే అన్నీ పెద్దబడి అక్షరాలే వచ్చాయి, క్యాప్స్ లాక్ దీపం మాత్రం వెలగలేదు. అంకెల వరుస కొడితే అంకెలకు బదులు వాటి మీది గుర్తులు వచ్చాయి. క్యాప్స్ లాక్ అంకెలను మార్చదు, షిఫ్టు మారుస్తుంది. ఫోల్డరులో ఒక ఫైలు మీద నొక్కి మరో ఫైలు మీద నొక్కితే రెంటి మధ్య ఉన్నవన్నీ ఎంపికయ్యాయి. ఈ చివరి సంగతి గమనించగానే నా గుండె ఝల్లుమంది. షిఫ్టు పట్టి ఉన్న స్థితిలో డిలీట్ నొక్కితే ఫైళ్లు రీసైకిల్ బిన్‌కు వెళ్లవు, నేరుగా పోతాయి. ఇలాంటి అనుమానం ఉన్న కీబోర్డుతో ఫోల్డర్లలో తిరగవలసి వస్తే, ముందు కాపీ తీసుకోనిదే డిలీట్ మీట దరిదాపులకు వెళ్లవద్దని నా వృత్తిలో ఉన్నవారందరినీ వేడుకుంటున్నాను.

ఇంకొక చిక్కు మిగిలింది. మొదటి రోజు ఎఫ్1 ఎందుకు పనిచేయలేదు? కుడి షిఫ్టు ఒక్కటే అతుక్కుని ఉంటే మిగతా మీటలు పనిచేయాలి కదా. దీన్ని లేఖరిగారి మంచి కీబోర్డుతోనే పరీక్షించాను. హాల్ట్ ఆన్ అమరికను మళ్లీ ఆల్ ఎర్రర్స్‌కు మార్చి, కంప్యూటరు ఆపి, ఆ కీబోర్డు తగిలించి, కుడి షిఫ్టును వేలితో నొక్కి పట్టుకునే స్విచ్చి వేశాను. మొదటి రోజు చూసిన కీబోర్డు ఫిర్యాదే అక్షరం పొల్లుపోకుండా తెర మీదికి వచ్చింది. షిఫ్టు వదలకుండా ఎఫ్1 కొట్టాను, కదలలేదు. రెండోసారి, మూడోసారి కొట్టాను, కదలలేదు. షిఫ్టు వదిలి ఎఫ్1 ఒక్కసారి కొట్టాను. కంప్యూటరు ముందుకు సాగింది. బయోస్ లెక్కలో ఎఫ్1కు ఒక సంకేతం, షిఫ్టుతో కలిసిన ఎఫ్1కు వేరొక సంకేతం ఉన్నాయి. మొదటిది 3బి, రెండోది 54. అది 3బి కోసం ఎదురుచూస్తూ ఉంటే నా కీబోర్డు ప్రతిసారీ 54 వినిపించింది.

మొదటి రోజే నేను పట్టుకోవలసిన ఆనవాలు మరొకటి ఉంది, అది వినిపించని శబ్దం. అక్షరాల మీటో, స్పేస్ బారో అతుక్కుపోతే అది ఆగకుండా అదే అక్షరాన్ని పంపుతుంది, బయోస్ దగ్గర పదిహేను మీటలు పట్టే చిన్న నిల్వ నిండిపోగానే స్పీకరు బీప్ బీప్ మంటూ మొరపెడుతుంది. షిఫ్టు, కంట్రోల్, ఆల్ట్ ఆ నిల్వలోకి చేరవు. కీబోర్డు లోపం అంటూ ఫిర్యాదు ఉండి, బీప్‌ల మోత లేకపోతే ఈ మూడింటినీ ముందుగా అనుమానించాలి. కీబోర్డు ప్రతి మీటకు నొక్కినప్పుడు ఒక సంకేతం, వదిలినప్పుడు మరొకటి పంపుతుంది. అదే హెక్సాడెసిమల్ లెక్కలో కుడి షిఫ్టుకు నొక్కినప్పుడు 59, వదిలినప్పుడు ఎఫ్0, దాని వెంట 59. ఆ రెండోది రానంతవరకు కంప్యూటరు దృష్టిలో వేలు ఇంకా మీట మీదే ఉంది.

మూడో రోజు పొద్దున లేఖరిగారి కీబోర్డు తిరిగి ఇచ్చి వచ్చి, నాదాన్ని బోర్లించి స్టార్ స్క్రూడ్రైవరుతో విప్పాను. ఇది మెంబ్రేన్ రకం. మీటల కింద రబ్బరు బుడిపెలు, వాటి కింద ఒకదాని మీద ఒకటిగా పల్చని మూడు ప్లాస్టిక్ రేకులు. పై రేకుకు, కింది రేకుకు వెండిరంగు గీతలు ఉంటాయి. మధ్య రేకుకు ప్రతి మీట చోటా ఒక గుండ్రని రంధ్రం ఉంటుంది. మీట నొక్కినప్పుడు ఆ రంధ్రం గుండా పై గీత కింది గీతను తాకుతుంది, వదిలితే విడిపోతుంది. కుడి షిఫ్టు కింద రబ్బరు బుడిపెను ఎత్తి చూస్తే, రూపాయి బిళ్లంత మేర రేకుల మధ్య లేత గోధుమరంగు మరక కనిపించింది. అంచున ముదురుగా, లోపల పలుచగా, కాఫీ గిన్నె కింద మిగిలే వలయం లాంటిది. ఎప్పుడో ఒలికిన టీ చుక్క అది. రోజూ వాడుతున్నంతకాలం ఆ పంచదార ఎండి ఏ హానీ చేయకుండా ఉండిపోయింది. సముద్రపు గాలి తగిలే ఊళ్లో, మూసిన గదిలో, వానాకాలంలో అదే తేమ పీల్చి జిగటై, పై రేకును కింది రేకుకు ఆ రంధ్రం లోపల అంటించింది. గోటితో మెల్లగా లేపితే రెండు రేకులూ టప్పుమని విడిపోయాయి.

ఐసోప్రొపైల్ ఆల్కహాలులో దూదిని తడిపి, పిండి, మరకను అద్దుతూ తుడిచాను. గట్టిగా రుద్దితే వెండిగీత రాలిపోతుంది, ఆ తరువాత ఆ మీట ఎప్పటికీ పలకదు, కాబట్టి ఈ ఒక్క పనికి అరగంట తీసుకున్నాను. రేకులను ఎండలో పెడితే వంకర తిరుగుతాయి కనుక ఫ్యాను కింద తీగ మీద వేలాడదీసి సాయంత్రం దాకా ఆరనిచ్చాను. తిరిగి బిగించేటప్పుడు రేకుల కొసలు చిప్పు పలకకు ఆనే చోట స్క్రూ గట్టిగా పట్టిందో లేదో రెండుసార్లు చూసుకున్నాను. అక్కడ వదులుంటే ఒక వరుస మీటలన్నీ ఒకేసారి పోతాయి.

సాయంత్రం ఆరున్నరకు స్విచ్చి వేశాను. మూడు దీపాలు వెలిగి ఆరాయి. మెమరీ లెక్క అయింది. ఏ ఫిర్యాదూ లేకుండా ఎక్స్‌పీ లేచింది, అను మేనేజరు తన మూల వచ్చి కూర్చుంది. హాల్ట్ ఆన్ అమరికను ఆల్ ఎర్రర్స్ గానే ఉంచాను. కీబోర్డు మళ్లీ చెడిపోతే కంప్యూటరు ఆగి నాకు చెప్పడమే నాకు కావాలి.

చివరికి ఒక చిన్న ఇబ్బంది మిగిలింది. విండోస్ లేచిన ప్రతిసారీ నమ్ లాక్ ఆరిపోయి ఉంటోంది. మీటల మీద లేని కొన్ని వత్తు ముక్కలను ఆల్ట్ పట్టుకుని పక్కనున్న అంకెల మీటలతో సంఖ్య కొట్టి తెచ్చుకునేవారికి ఇది పనికి అడ్డమే. బయోస్‌లో బూట్ అప్ నమ్‌లాక్ స్టేటస్‌ను ఆన్ చేసినా ఫలితం లేదు, ఎందుకంటే ఎక్స్‌పీ లేచాక ఆ మాటను పక్కన పెట్టి తన సొంత గుర్తును చూసుకుంటుంది. విండోస్ తన అమరికలు దాచుకునే రిజిస్ట్రీలో కరెంట్ యూజరు కింద కంట్రోల్ ప్యానెల్, అందులో కీబోర్డు, అక్కడ ఇనీషియల్ కీబోర్డ్ ఇండికేటర్స్ అనే విలువ 0 ఉంది. దాన్ని 2 చేశాక దీపం వెలిగే ఉంటోంది.

ఆ రాత్రే పుస్తకం తెరిచి పీడీఎఫ్ తీశాను. కవిగారు పాత ప్రతిని పక్కన పెట్టుకుని పద్యం వెంట పద్యం సరిచూసి, వారం తరువాత సంతకం చేసి ప్రూఫు తిరిగి ఇచ్చారు. కొత్త బ్యాటరీ వేసిన తేదీని ఒక చీటీ మీద రాసి క్యాబినెట్ లోపలి గోడకు అంటించాను. యంత్రాన్ని ఇప్పుడు ముందు గదిలోకి మార్చి ప్లగ్గుకు తగిలించే ఉంచుతున్నాను, నెలకొకసారి గంటసేపు నడిపి ఆపుతున్నాను.